‘బల్లి మెదడు’ అనే పేరు ఎక్కడిది? అందులో నిజమెంత?

కోపం వచ్చినప్పుడు అరిచేది మనం కాదట, మన తల అడుగున దాక్కున్న బల్లి అట. ఆ బల్లి మీద ఓ కుక్క మెదడో గుర్రం మెదడో, అన్నిటికీ పైన మనిషి మెదడు. ఈ మూడంతస్తుల బొమ్మ కొన్నేళ్లుగా ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తోంది. బరంపురంలో పరీక్షల టెన్షన్ గురించి చెప్పే క్లాసుల్లో వినిపిస్తుంది. పర్లాకిమిడి, రాయగడ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. పిల్లల పెంపకం మీద వచ్చే రీల్స్‌లో సరేసరి. కొందరు ‘రెప్టీలియన్ బ్రెయిన్’ అంటారు, కొందరు ‘లిజార్డ్ బ్రెయిన్’ అంటారు, ఇంకాస్త చదువుకున్నవాళ్లు ‘లింబిక్ సిస్టమ్’ అంటారు. అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తుంటారు.

నిజానికి అవి ఒకటి కావు. ‘లింబిక్’ అనేది చిరునామా లాంటి పేరు, మెదడులో ఒక భాగం ఎక్కడుందో చెబుతుంది. ‘రెప్టీలియన్’ అనేది ఆ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కథ. చిరునామా ఇప్పటికీ పనికొస్తోంది. కథ మాత్రం శాస్త్రవేత్తల దగ్గర చాలావరకు చెల్లకుండా పోయింది. ఈ రెండూ ఎలా కలిసిపోయాయో తెలియాలంటే ఓ మూడున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

ముందుగా, ఏది ఎక్కడుంది

వెన్నుపాము తలలోకి వచ్చి లావెక్కినచోటు మెదడు కాండం. ఊపిరి, గుండె వేగం, నిద్ర, మెలకువ అక్కడి నుంచి నడుస్తాయి. దాని వెనక చిన్నమెదడు, మన స్కూలు పుస్తకాల్లో అనుమస్తిష్కం. వీటిని కప్పుతూ రెండు పెద్ద అర్ధగోళాలు ఉంటాయి. ఆ అర్ధగోళాల మీద ముడతలు పడిన పొరే కార్టెక్స్, అంటే వల్కలం.

రెండు అర్ధగోళాలను విడదీసి, లోపలి ముఖం చూస్తే, మెదడు కాండం పైకొస చుట్టూ వంపు తిరిగిన ఒక కట్టు కనిపిస్తుంది. దాని దగ్గర్లోనే బాదం గింజ ఆకారంలో అమిగ్డలా, సముద్రగుర్రం పేరు పెట్టిన హిప్పోక్యాంపస్ ఉంటాయి. ఇంకా లోతున, కదలికలకూ అలవాట్లకూ సంబంధించిన బేసల్ గ్యాంగ్లియా అనే ముద్దలు. ‘బల్లి మెదడు’ అని మొదట పేరు పడింది ముఖ్యంగా ఈ చివరి ముద్దలకే. రీల్స్‌లో మాత్రం అమిగ్డలాకే ఆ పేరు తగిలిస్తారు. అంటే తప్పు కథను కూడా తప్పుగా చెబుతున్నారన్నమాట.

మన వైపు, అంటే దక్షిణ ఒడిశాలో, తెలుగు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. తెలుగు జంతుశాస్త్రం పుస్తకాల్లో ‘ఘ్రాణ లంబిక’ అని ఉంటుంది. అక్కడ లంబిక అంటే తమ్మె, ఇంగ్లిష్‌లో లోబ్. దానికీ లింబిక్‌కూ చుట్టరికం లేదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఫోన్లో ఇంగ్లిష్ నడిచే పిల్లవాడు ఈ రెండింటినీ కలిపేస్తే వాణ్ని తప్పుపట్టలేం.

లింబస్ అంటే అంచు, అంతే

లాటిన్‌లో ‘లింబస్’ అంటే అంచు, బట్టకుండే అంచు కూడా. 1664లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ మెదడు కాండాన్ని చుట్టిన వల్కలపు అంచుకు ఈ మాట వాడారు. 1878లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా దాన్ని పక్కా శాస్త్ర పదం చేశారు. మాట పోవడానికీ మెదడు ఎడమవైపు ముందుభాగానికీ ఉన్న సంబంధాన్ని 1861లో చూపించి పేరు పొందిన బ్రోకా ఈయనే. నీటికుక్క మొదలుకొని రకరకాల క్షీరదాల మెదళ్లను పోల్చి చూసి, అన్నిట్లోనూ ఈ కట్టు ఉందని గమనించి, ‘మహా లింబిక్ లోబ్’ అని పేరు పెట్టారు.

పేరు వరకూ ఇందులో ఏ సిద్ధాంతమూ లేదు. బరంపురం పట్టు చీరకు కుంభం అంచు ఉన్నట్టే వల్కలానికీ ఒక అంచు ఉందన్నారు, అంతే. అంచును చూసి, ఇది చీర కన్నా ముందు కాలంలో నేసిందని ఎవరూ అనరు. మెదడు విషయంలో మాత్రం తర్వాత అచ్చంగా అదే జరిగింది.

దానికి దారి వేసింది వాసన. కుక్క, నీటికుక్క లాంటి వాటిలో ఈ అంచు వాసన పట్టే భాగాలతో బలంగా కలిసి ఉంటుంది. మనిషిలో ఆ భాగాలు మిగతా మెదడుతో పోలిస్తే చిన్నవి. దాంతో బ్రోకా క్షీరదాలను వాసన మీద బతికేవి, వాసన మీద ఆధారపడనివి అని రెండుగా విడగొట్టి, మనిషిని రెండో గుంపులో పెట్టారు. ముక్కు పశువుల సంగతి, ఆలోచన మనిషి సంగతి అన్న ధోరణి అలా బలపడింది. ఈ ప్రాంతమంతటికీ ‘రైనెన్‌సెఫలాన్’, అంటే ముక్కు మెదడు, అనే పేరు వాడుకలోకి వచ్చింది.

ఈ రెండు అభిప్రాయాలూ నిలవలేదు. హిప్పోక్యాంపస్ ప్రధానంగా వాసన కోసం కాదని 1947లో నార్వే శాస్త్రవేత్త ఆల్ఫ్ బ్రోడాల్ ఆధారాలన్నీ పోగుచేసి చూపించారు. మనిషి ముక్కు మొద్దుది అన్న నమ్మకం 19వ శతాబ్దం నాటి అపోహ అని, దాని మూలం బ్రోకా దగ్గరే ఉందని 2017లో జాన్ మెక్‌గాన్ అనే అమెరికా పరిశోధకుడు వాదించారు. పచ్చిచేప ఏ పూటదో ముక్కుతో చెప్పగల గోపాల్‌పూర్ ఆడవాళ్లను అడిగినా ఆ మాటే చెప్పేవారేమో.

‘పాత’, ‘కొత్త’ అనే ముద్రలు

పరిణామ సిద్ధాంతం వచ్చాక శరీర నిర్మాణం చదివేవాళ్లకు కొత్త ఉత్సాహం వచ్చింది. చేప, కప్ప, బల్లి, పక్షి, ఎలుక, కోతి, మనిషి... ఇలా మెట్లు కట్టి, ఒక్కో మెట్టు దగ్గర మెదడుకు కొత్త గది చేరిందని ఊహించారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పనిచేసిన లుడ్విగ్ ఎడింగర్ ఈ ఊహకు శాస్త్రీయ రూపం ఇచ్చారు. అన్ని వెన్నెముక జీవుల్లో ఉండేది ‘పాత మెదడు’, దాని మీద తర్వాత చేరింది ‘కొత్త మెదడు’ అన్నారు. ఆయన దారిలో నడిచిన డచ్ శాస్త్రవేత్త ఏరియన్స్ కాపర్స్ మరింత వివరంగా పేర్లు పెట్టారు. ‘ఆర్కీ’ అంటే ఆది, ‘పేలియో’ అంటే ప్రాచీనం, ‘నియో’ అంటే కొత్త. హిప్పోక్యాంపస్ ఆర్కీకార్టెక్స్ అయింది, వాసన ప్రాంతం పేలియోకార్టెక్స్ అయింది, మిగిలిన ముడతల పొర నియోకార్టెక్స్ అయింది.

‘అంచు’ అన్నప్పుడు శవపరీక్ష బల్ల మీద ఎవరైనా వేలు పెట్టి చూపించగలరు. ‘ఆది’ అన్నప్పుడు కోట్ల ఏళ్ల కిందటి సంగతి గురించి ఒక వాదన చేస్తున్నట్టు. రెండో రకం పేర్లు మొదటి రకం పేర్లంత అమాయకంగా పుస్తకాల్లోకి చేరిపోయాయి. విద్యార్థి ఒకే పేజీలో రెండింటినీ బట్టీ పట్టేస్తాడు. గొడవంతా అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

అంచు భావోద్వేగాల ఇల్లెలా అయింది

1937లో అమెరికాలో జేమ్స్ పేపెజ్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశారు. హిప్పోక్యాంపస్, మెదడు నడుమ సంకేతాలను మళ్లించే థాలమస్, లింబిక్ అంచులోని సింగ్యులేట్ మడత వగైరాలు ఒక వలయంగా కలిసి ఉన్నాయని, భావోద్వేగాలు ఈ వలయంలోనే పుడుతుండవచ్చని ఆయన ప్రతిపాదన. ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి మన పల్లెల్లో అందరికీ భయం పుట్టించేదే. పిచ్చికుక్క కాటుతో రేబిస్ వచ్చినవాళ్లు విపరీతమైన భయంతో, ఆందోళనతో అల్లాడిపోతారు. రేబిస్ చిహ్నాలు మెదడులో ఎక్కువగా కనిపించే చోట్లలో హిప్పోక్యాంపస్ ఒకటి. అందుకని భయానికీ దానికీ లంకె ఉండాలన్నారు పేపెజ్.

దాదాపు అదే సమయంలో క్లూవర్, బ్యూసీ అనే ఇద్దరు పరిశోధకులు కోతుల మెదడు పక్కభాగాలను, అమిగ్డలాతో సహా, తీసేసి చూశారు. అంతవరకు పామును చూస్తే పారిపోయే కోతులకు భయం పోయింది.

ఇవన్నీ ఒకచోట చేర్చింది అమెరికా మెదడు శాస్త్రవేత్త పాల్ మెక్లీన్. 1949లో ఆయన ఈ ప్రాంతాన్ని ‘విసెరల్ బ్రెయిన్’ అన్నారు, లోపలి అవయవాల మెదడు అని అర్థం. 1952లో ఆ పేరు వదిలేసి, బ్రోకా మాటను ఎత్తుకుని ‘లింబిక్ సిస్టమ్’ అన్నారు. ఆ తర్వాతి ఏళ్లలో ఇంకో అడుగు వేసి, మనిషి తలలో మూడు మెదళ్లు ఒకదానిమీద ఒకటి ఉన్నాయని ప్రతిపాదించారు. అడుగున బేసల్ గ్యాంగ్లియా తదితరాలు, వాటికి ‘ఆర్-కాంప్లెక్స్’ అని పేరు, ఆర్ అంటే రెప్టీలియన్. మధ్యలో తొలి క్షీరదాల నాటి లింబిక్ సిస్టమ్. పైన కొత్త క్షీరదాల నియోకార్టెక్స్. దీనికి ‘ట్రయూన్ బ్రెయిన్’, అంటే మూడు కలిసి ఒకటైన మెదడు, అని పేరు పెట్టారు.

జనంలోకి తెచ్చింది మాత్రం ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్. ఆయన 1977లో రాసిన పుస్తకం మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి గెలిచింది. అక్కడి నుంచి అమ్మకాల ట్రైనింగుల్లోకి, వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లోకి, ఇప్పుడు రీల్స్‌లోకి.

రుషికుల్య తాబేలు చెప్పే సాక్ష్యం

గంజాం తీరంలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేసవి ముందు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. మంచి ఏడాది అయితే లక్షల్లో వస్తాయి. ఒక్కోటి ఇసుకలో గుంట తవ్వి సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. సరీసృపం అనగానే బల్లినే ఎందుకు తలుచుకోవాలి? ఇదీ సరీసృపమే.

మెక్లీన్ బొమ్మ నిజమైతే తాబేలు తలలో ఆర్-కాంప్లెక్స్ తప్ప పెద్దగా ఏమీ ఉండకూడదు. కానీ తాబేలుకు కార్టెక్స్ ఉంది. మన నియోకార్టెక్స్‌కు ఆరు పొరలైతే దానికి మూడు. కంటి నుంచి వచ్చే సమాచారం ఆ పొరలదాకా చేరుతుంది, ప్రయోగశాలల్లో దాని మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. మన హిప్పోక్యాంపస్‌కు జతపడే భాగం కూడా తాబేలులో ఉంది. మంచినీటి తాబేళ్లలో ఆ భాగం దెబ్బతింటే చుట్టూ ఉన్న గుర్తులను బట్టి చోటును గుర్తుపట్టడం కష్టమైపోతుందని ప్రయోగాల్లో తేలింది. అమిగ్డలాకు సాటి వచ్చే ముద్దలూ సరీసృపాల్లో కనిపిస్తాయి. ‘మధ్య అంతస్తు’ సామాను చాలావరకు ‘కింది అంతస్తు’ జీవి దగ్గరే ఉందన్నమాట.

రెండో వైపు నుంచీ లెక్క తప్పుతుంది. బేసల్ గ్యాంగ్లియా సరీసృపాల సొత్తు కాదు. దవడలు లేని లాంప్రే అనే చేపలాంటి జీవిలో కూడా దాని మూల నిర్మాణం మనదానిలాగే ఉంది. ఆ జీవుల వంశం మన వంశం నుంచి విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటింది. బల్లులు పుట్టక ముందు నుంచీ ఉన్నదానికి బల్లి పేరు పెట్టడం ఎలా కుదురుతుంది?

మరొకటి. క్షీరదాలు బల్లుల నుంచో తాబేళ్ల నుంచో పుట్టలేదు. ఉమ్మడి పూర్వీకుల నుంచి సుమారు 32 కోట్ల ఏళ్ల కిందట రెండు శాఖలు విడిపోయాయి. ఇవాళ్టి బల్లి మనకు తాత కాదు, దాయాది. అది కూడా ఆ 32 కోట్ల ఏళ్లూ మారుతూనే వచ్చింది. పరిణామంలో పాత ఇంటిమీద కొత్త అంతస్తు వేయడం అరుదు. ఉన్న గదులే పెరుగుతాయి, కుంచించుకుపోతాయి, పని మార్చుకుంటాయి. చిన్నమెదడునే చూడండి. ‘పాత’ అని ముద్రపడినదే, కానీ మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు 6,900 కోట్లు అందులోనే ఉన్నాయి. గొప్పగా చెప్పుకునే పై వల్కలంలో ఉన్నవి సుమారు 1,600 కోట్లు. 2009లో ప్రచురించిన లెక్క ఇది.

కాకి మెదడుకు పేర్లు మార్చారు

ఎడింగర్ మెట్ల లెక్కలో పక్షి ముందుమెదడు దాదాపు మొత్తం స్ట్రయేటం, అంటే బేసల్ గ్యాంగ్లియా జాతికే చెందింది. అందువల్ల పక్షికి ఆలోచన ఉండదు, పుట్టుకతో వచ్చిన ప్రవృత్తి మాత్రమే ఉంటుందనే అభిప్రాయం శతాబ్దం పాటు సాగింది. 1960ల నుంచి హార్వే కార్టెన్ అనే పరిశోధకుడు, తదితరులు నాడుల దారులు గీసి చూస్తే, అందులో అధికభాగం మన కార్టెక్స్‌కు సాటి వచ్చేదని తేలింది. న్యూ కాలెడోనియా కాకులు పుల్లలతో కొక్కేలు చేసుకుని పురుగులను బయటికి లాగుతాయి. మరి దాని మెదడులో ముఖ్యభాగానికి ‘ఆర్కీస్ట్రయేటం’, ‘నియోస్ట్రయేటం’ అని పేర్లు ఉంచడం ఏం బాగుంటుంది?

2002లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు కూడి పేర్లు మార్చారు. 2004లో కొత్త జాబితా వచ్చింది. ‘ఆర్కీస్ట్రయేటం’ పోయి ‘ఆర్కోపాలియం’, ‘నియోస్ట్రయేటం’ పోయి ‘నిడోపాలియం’ వచ్చాయి. పాలియం అంటే వల్కలం జాతి పైపొర. పాత, కొత్త అనే అర్థమిచ్చే ముక్కలను కావాలనే తీసేశారు. శరీరశాస్త్రంలో ఇంత పెద్ద ఎత్తున పేర్లు మార్చడం తరచూ జరిగేది కాదు.

ఒడియాలో ఒక తిట్టు: కోపం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక రీల్స్‌లోని అసలు మాటకొద్దాం. ‘కోపంలో బల్లి మేలుకుంటుంది, మనిషి మెదడు ఆఫ్ అయిపోతుంది.’

బరంపురం పెద్ద బజారులో ఇద్దరు నిలబడ్డారనుకోండి. ఒకాయన ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. ఇంకొకాయన నిన్ననే గుంటూరు నుంచి దిగిన బావమరిది. ఎవరో వెళ్తూ వెళ్తూ ఇద్దరినీ కలిపి ఒడియాలో ఒక బూతు మాట అన్నాడు. బావగారి ముఖం ఎర్రబడింది, పిడికిలి బిగిసింది. బావమరిది మర్యాదగా నవ్వి, ‘ఏమంటున్నాడు బావా?’ అన్నాడు. చెవిలో పడిన శబ్దం ఒకటే. తేడా భాషది. అంటే ఆ కోపం రగలడానికి ముందు మాట అర్థమవ్వాలి, అది సరదానో అవమానమో తేల్చుకోవాలి. ఇవి వల్కలం చేసే పనులు. బల్లిని ఎవరూ తిట్టలేరు.

తర్వాత గుండె దడ, చెమట, పిడికిలి వస్తాయి. వీటిలో ఒంటి లోపలి పనులను నడిపే హైపోథాలమస్ అనే చిన్న భాగానికీ మెదడు కాండానికీ పెద్ద పాత్ర ఉంది. ఆపైన ‘ఛ, అతను మనవాడే, తాగి ఉన్నాడు’ అని తెలిస్తే కోపం దిగుతుంది. అదీ ఆలోచనే. అంతస్తుల మధ్య యుద్ధం లాంటిది ఇక్కడేమీ కనిపించదు, అన్నీ కలిసే పనిచేస్తున్నాయి.

చీకట్లో తాడును చూసి పామని ఎగిరి గంతేయడం ఇంకాస్త చిక్కు ఉదాహరణ. కన్ను, చెవి నుంచి వచ్చిన సంకేతం కార్టెక్స్‌కు పూర్తిగా అందకముందే అడ్డదారిన అమిగ్డలాకు చేరవచ్చని అమెరికా మెదడు శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ ఎలుకల మీద ప్రయోగాలతో చూపించారు. ‘బల్లి మెదడు’ వాదులు దీన్ని చాలా ఇష్టంగా చెబుతారు. కానీ ఆ లెడూనే తర్వాత, అమిగ్డలా ప్రమాదాన్ని పసిగట్టి శరీరాన్ని సిద్ధం చేస్తుందే తప్ప మనకు తెలిసే ‘భయం’ అనే అనుభవం దానిది కాదని గట్టిగా చెప్పుకొచ్చారు. వైద్య పత్రికల్లో ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతో పిలిచే ఒక అమెరికా మహిళకు రెండువైపులా అమిగ్డలా దెబ్బతింది. పాములన్నా సాలీళ్లన్నా ఆమెకు భయం లేదు. కానీ 2013లో ప్రచురించిన ప్రయోగంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కలిపిన గాలి పీల్చగానే ఆమె భయంతో హడలిపోయింది. భయానికి ఒకే గది, ఒకే స్విచ్చి లేవు.

హిప్పోక్యాంపస్ సంగతీ అంతే. మూర్ఛ తగ్గించడానికి 1953లో ఒక రోగికి రెండువైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. అతని భావోద్వేగాలు మాయం కాలేదు. కొత్త సంగతులు గుర్తుపెట్టుకునే శక్తి పోయింది. పేపెజ్ వలయంలో ముఖ్యమైన మజిలీ నిజానికి జ్ఞాపకాల చోటని అలా తెలిసింది.

సమర్థించేవాళ్ల మాటలోనూ పస ఉంది

మెక్లీన్‌ను కొట్టిపారేయడం తేలిక, న్యాయం మాత్రం కాదు. ప్రయోగశాలల్లో భావోద్వేగాల ఊసే తక్కువగా ఉన్న కాలంలో ఆయన తల్లి ప్రేమ, ఆట, తల్లికి దూరమైన పిల్ల ఏడుపు లాంటివి మెదడుశాస్త్రం పట్టించుకోవాల్సిన విషయాలన్నారు. జంతువులకూ మనకూ భావాల్లో బంధుత్వం ఉందన్న ఆయన మాట నిలిచింది. మెదడు లోతుల్లోని భాగాలకు విద్యుత్ ప్రేరణ ఇస్తే జంతువుల్లో స్పష్టమైన భావోద్వేగ ప్రవర్తన వస్తుందని జాక్ పాంక్సెప్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి చూపించారు. కాబట్టి భావోద్వేగం వల్కలానిది మాత్రమే అనడం కూడా కుదరదు.

కౌన్సెలింగ్ చేసేవాళ్ల వాదన వేరు. ‘ఇది అనాటమీ పాఠం కాదు. మీ వణుకు మీ తప్పు కాదు, శరీరం తనను కాపాడుకుంటోంది అని చెప్పడానికి మూడు మెదళ్ల బొమ్మ చాలు’ అంటారు. తీవ్రమైన ఒత్తిడిలో నుదుటి వెనక ఉన్న ప్రీఫ్రంటల్ ప్రాంతం పనితీరు తగ్గుతుందన్నది నిజమే, దానికి మంచి ఆధారాలున్నాయి. పరీక్ష హాల్లో చదివింది గుర్తురాకపోవడం కల్పితం కాదు. అయితే ఆ మాట చెప్పడానికి బల్లి అవసరం లేదు.

విమర్శకులకు అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. 2020లో సిసేరియో, జాన్సన్, ఐస్టెన్ అనే ముగ్గురు పరిశోధకులు మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఈ పొరల బొమ్మ ఇంకా నడుస్తోందని ఎత్తిచూపారు. భావోద్వేగం పశువుది, ఆలోచన మనిషిది అని గీత గీస్తే, ఓపిక పట్టడం, నిర్ణయం తీసుకోవడం లాంటివాటిని కూడా ఆ గీత ప్రకారమే తప్పుగా అర్థం చేసుకుంటారన్నది వాళ్ల అభ్యంతరం. ‘నేను కాదు, నాలోని బల్లి’ అనే సాకు ఇంట్లో చేయి చేసుకునేవాడి నోట వింటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు ఈ పేర్లు ఎక్కడున్నాయి

‘రెప్టీలియన్ బ్రెయిన్’, ‘ఆర్-కాంప్లెక్స్’ అనేవి వైద్యవిద్యలో శరీర భాగాలకు వాడే అధికారిక పేర్లు కావు. ‘లింబిక్ సిస్టమ్’ పరిస్థితి మధ్యస్థం. పాఠ్యపుస్తకాల్లో ఒక అధ్యాయం దానికి ఇప్పటికీ ఉంటుంది, కానీ అందులో ఏమేం చేర్చాలో ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ పొంతన ఉండదు. ఆ మాటే వదిలేద్దామని లెడూ లాంటివాళ్లు అంటున్నారు. ‘లింబిక్ లోబ్’ మాత్రం 1998 నాటి అంతర్జాతీయ శరీర నిర్మాణ పదావళిలో భద్రంగా ఉంది. దానితోపాటే ఆర్కీకార్టెక్స్, పేలియోకార్టెక్స్ కూడా ఉన్నాయి. బరంపురంలో ఎం.బి.బి.ఎస్. చదివే అమ్మాయికి పరీక్షలో అవి రాయక తప్పదు. పక్షుల మెదడుకు పేర్లు మార్చినవాళ్లు మనిషి మెదడు జోలికి ఇంకా రాలేదు.